లాంకాస్టర్ పక్కన కార్న్‌ఫోర్త్ అనే ఊరు: నాన్నగారిని తీసుకెళ్లొచ్చా?

రేపల్లె_పాసింజర్ · శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. నేను నర్సుగా ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ వచ్చి ఏడాది దాటింది. వచ్చే నెల అమ్మా నాన్నా మొదటిసారి వస్తున్నారు. నాన్న 34 ఏళ్లు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఫోన్లో "కోట చూపిస్తాను, సరస్సులు చూపిస్తాను" అంటే "నీ ఇష్టం తల్లీ" అంటున్నారు గానీ ఆ గొంతులో హుషారు లేదు. మా వార్డులో చేసే ఒకావిడ విని, "మీ నాన్న రైల్వే మనిషైతే కార్న్‌ఫోర్త్ తీసుకెళ్లు, బండెక్కితే పది నిమిషాలు" అంది. ఆ పేరు బోర్డు మీద చాలాసార్లు చూశాను, ఒక్కసారీ దిగలేదు. అక్కడ నిజంగా చూడ్డానికి ఏమైనా ఉందా? ఆయనకి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కువుంటే కష్టం.

ప్రెస్టన్_పప్పుచారు · శనివారం రాత్రి

తప్పకుండా తీసుకెళ్లమ్మా. ముందు మెట్ల సంగతి చెప్తాను. ఆ స్టేషన్‌లో ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకోదానికి పట్టాల కింది నుంచి దారి ఉంది. మెట్లు కావు, రెండు వైపులా వాలుదారి. 1945లో అక్కడ ఒక సినిమా తీశారు. హీరోయిన్ బండి అందుకోవడానికి పరుగెత్తే సీన్లకి మెట్ల కన్నా ఈ వాలు బాగుంటుందనే ఈ స్టేషన్ నచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. ఆవిడకి పనికొచ్చిన దారి మీ నాన్నగారి మోకాళ్లకీ పనికొస్తుంది.

గడియారం చూపించడం మర్చిపోవద్దు. ప్లాట్‌ఫారం పైన వేలాడే పెద్ద గడియారం, విట్‌చర్చ్‌లోని జాయిస్ కంపెనీ వాళ్లది. దాని కింద నిలబడి ఫొటో దిగని జంట ఉండదక్కడ.

సిగ్నల్_కేబిన్ · ఆదివారం ఉదయం

రేపల్లె గారూ, నేను ఈ దేశంలో సిగ్నలింగ్ పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. కార్న్‌ఫోర్త్ అంటే నాకు ప్రాణం. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకోండి.

మొదట అదో చిన్న పల్లె. 1797లో లాంకాస్టర్ కాలువ వచ్చింది, పడవల మీద సరుకు నడిచింది. 1846లో లాంకాస్టర్ నుంచి కార్లైల్‌కి రైలు మార్గం వేశారు. ఇంజనీరు జోసెఫ్ లాక్, కాంట్రాక్టరు థామస్ బ్రాసీ. దాదాపు 70 మైళ్ల లైను, మధ్యలో షాప్ అనే కొండ. పదివేల మంది దాకా కూలీలు పారలతో, పలుగులతో రెండున్నరేళ్లలో తవ్వి పట్టాలు పరిచారు. ఆ దారిలో కార్న్‌ఫోర్త్ ఒక చిన్న మజిలీ, అంతే.

ఆ మజిలీని జంక్షన్ చేసింది ఇనుము. పడమటి వైపు ఫర్నెస్ ప్రాంతంలో మేలురకం ఇనుప ఖనిజం ఉండేది. 1857లో సముద్రపు పాయల మీదుగా అటు లైను కలిపారు. పదేళ్లకి, 1867లో, తూర్పున యార్క్‌షైర్ వైపు నుంచి ఇంకో లైను వచ్చి కలిసింది. 1860లలో ఊళ్లోనే ఇనుప కొలిమిలు లేచాయి. పనివాళ్ల కోసం పక్కనే మిల్‌హెడ్‌లో ఇళ్ల వరసలు కట్టారు. ఒక్క తరంలో పల్లె కాస్తా పట్నమైంది.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. ఈ జంక్షన్‌కి మూడు కంపెనీలు వచ్చేవి: లండన్ అండ్ నార్త్ వెస్టర్న్, ఫర్నెస్, మిడ్‌లాండ్. ముగ్గురికీ ఇంజన్లు నిలిపి, బాగుచేసుకునే వేరువేరు లోకో షెడ్లు. ఒకే ఊళ్లో మూడు చోట్ల బొగ్గు, మూడు చోట్ల నీళ్లు, మూడు రకాల యూనిఫారాలు. 1923లో అందరూ ఎల్‌.ఎం.ఎస్. అనే ఒకే కంపెనీ గొడుగు కిందికి వచ్చారు. అయినా షెడ్లు కలవడానికి ఇంకో ఇరవయ్యేళ్లు, ఒక ప్రపంచయుద్ధం పట్టింది. యుద్ధం నడుస్తుండగా 1944లో ఒకే పెద్ద షెడ్డు కట్టారు. ఇటలీ యుద్ధఖైదీలు కూడా అందులో పనిచేశారు.

ఆ షెడ్డు ఇప్పటికీ ఉంది. స్టేషన్ దాటి ఉత్తరంగా వెళ్తుంటే ఎడమ పక్కన కాంక్రీటు బురుజు ఒకటి కనబడుతుంది. బొగ్గు బురుజు అది. కింద బొగ్గు వ్యాగన్‌ని నిలబెడితే, వ్యాగన్ మొత్తాన్నీ పైకెత్తి ఒంపేసేది. ఇంజను కింద ఆగితే గొట్టంలోంచి బొగ్గు టెండర్‌లోకి, అంటే ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే పెట్టెలోకి, జారేది. పక్కనే బూడిద ఎత్తే యంత్రం. ఈ రెండూ రక్షిత కట్టడాలు. నాన్నగారికి బండి కిటికీ పక్క సీటే ఇప్పించండి.

తెనాలి_టు_టైన్ · ఆదివారం మధ్యాహ్నం

సిగ్నల్ గారు షెడ్డు గురించి బాగా చెప్పారు గానీ, ఈ స్టేషన్ ఇవాళ నిలబడి ఉందంటే సినిమా వల్లే. "బ్రీఫ్ ఎన్‌కౌంటర్", దర్శకుడు డేవిడ్ లీన్. 1945 ఫిబ్రవరిలో, యుద్ధం ఇంకా ముగియకముందే, రాత్రి పది నుంచి తెల్లవారుజామున ఆరు దాకా షూటింగ్ జరిగేది. దక్షిణాన దాడుల భయం. ఇంత ఉత్తరానికి వస్తే విమానాలు వస్తున్నాయన్న కబురు అందాక కూడా లైట్లు ఆర్పే వ్యవధి ఉంటుందని ఇక్కడికి వచ్చారు. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల వంద ఉత్తమ బ్రిటిష్ చిత్రాల జాబితాలో ఇది రెండోది.

కథ జరిగేది దక్షిణాది ఊళ్లలో. స్టేషన్ పేరు కూడా మిల్‌ఫర్డ్ జంక్షన్ అని మార్చారు. అయినా ప్లాట్‌ఫారం మీది బోర్డులో మాత్రం లీడ్స్, మోర్‌కాంబ్, స్కిప్టన్ లాంటి ఉత్తరాది ఊళ్ల పేర్లు అలాగే కనిపిస్తాయి. నేను సినిమా మూడుసార్లు చూశాక గానీ గమనించలేదు.

బిట్రగుంట_మనవడు · ఆదివారం సాయంత్రం

తెనాలి గారూ, మీ మాట సగం ఒప్పుకుంటాను. నాకు ఆ ఊరంటే షెడ్డే. మా తాతయ్య బిట్రగుంట లోకో షెడ్డులో, ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరయ్యారు. నెల్లూరు జిల్లా వాళ్లకి బిట్రగుంట అంటే తెలుసు: క్వార్టర్లు, ఇన్‌స్టిట్యూటు, గుండ్రటి షెడ్డు, ఊరంతా షెడ్డు సైరన్‌కి లేచేది. ఆవిరి ఇంజన్లు పోయాక ఊరు చిన్నబోయింది. నా చిన్నప్పుడే సగం క్వార్టర్లకి తలుపుల్లేవు, గోడల్లో రావిమొక్కలు.

అందుకే కార్న్‌ఫోర్త్ షెడ్డు కథ చదివినప్పుడు నాకు గుండె పట్టేసింది. బ్రిటన్‌లో మామూలు ఆవిరి బండ్లు ఆగిపోయింది 1968 ఆగస్టు మొదటి వారంలో. చివరి దాకా ఆవిరి ఇంజన్లున్న షెడ్లు మూడే: కార్న్‌ఫోర్త్, లాస్టక్ హాల్, రోజ్ గ్రోవ్. మూడూ లాంకషైర్‌లోవే. దేశం మొత్తం చల్లారాక చివరి నిప్పు మిగిలింది ఈ ఒక్క జిల్లాలో. ఆగస్టు 11న లివర్‌పూల్ నుంచి కార్లైల్ దాకా వీడ్కోలు బండి వేశారు, టికెట్టు పదిహేను గినీలు. ఆ మర్నాటి నుంచి మెయిన్ లైను మీద ఆవిరి ఇంజన్లకి నిషేధం. మినహాయింపు ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే ఒక్క పేరున్న ఇంజనుకే.

లాస్టక్ హాల్, రోజ్ గ్రోవ్ షెడ్లు తర్వాత నేలమట్టమయ్యాయి. కార్న్‌ఫోర్త్‌ది మిగిలింది. ఎందుకంటే పీటర్ బీట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు ఇంజన్లు తుక్కుకి పోకుండా కొనుక్కుని ఈ షెడ్డులో పెట్టారు. స్టీమ్‌టౌన్ అని పేరు. జనం టికెట్టు కొనుక్కుని చూసేవాళ్లు. 1970లలో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ కూడా ఇక్కడే ఉంది: అమెరికా వెళ్లి అక్కడ అప్పుల్లో చిక్కుకుంటే 1973లో విలియం మెకల్పైన్ విడిపించి వెనక్కి తెచ్చారు, తర్వాత అది ఇక్కడికి చేరింది. మా తాతయ్య షెడ్డుకి ఒక డాక్టరు దొరకలేదు.

సిగ్నల్_కేబిన్ · ఆదివారం సాయంత్రం

బిట్రగుంట తమ్ముడూ, ఆ చివరి వాక్యం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా మేనమామ కూడా బిట్రగుంటలోనే చేశారు.

ఒక్క సంగతి చేరుస్తాను. స్టీమ్‌టౌన్ 1997లో మూతపడింది. ఇప్పుడు ఆ షెడ్డు వెస్ట్ కోస్ట్ రైల్వేస్ అనే కంపెనీ స్థావరం. స్కాట్లాండ్‌లో పొగ చిమ్ముకుంటూ వంతెన మీద మలుపు తిరిగే జాకోబైట్ బండి నడిపేది వీళ్లే. షెడ్డు లోపలికి జనాన్ని రానివ్వరు, కాబట్టి రేపల్లె గారూ, గేటు దాకా వెళ్లి నిరాశపడకండి. ఆవిరి స్పెషల్ ఉన్న రోజు చూసుకుని వెళ్తే మాత్రం ఇంజను షెడ్డులోంచి బయటికొచ్చి పెట్టెలకి తగులుకోవడం స్టేషన్ నుంచే చూడొచ్చు. అది నిజంగా పనిచేసే షెడ్డు. ఇంజన్లు అక్కడ మరమ్మతు చేసుకుని మళ్లీ దారిన పడతాయి. నాకు అదే గొప్ప.

కాజీపేట_జంక్షన్ · ఆదివారం రాత్రి

మంచి ముచ్చట పెట్టిన్రు అందరు. నాకో డౌటు. నేను గ్లాస్గో పోయేటప్పుడు లండన్ బండిల ఈ ఊరు మీదికెల్లి ఎన్నోసార్లు పోయిన. బండి ఆగదు సరే, అసలు మన పట్టాల పక్కన ప్లాట్‌ఫారమే కానరాదు. స్టేషన్ పక్కకే కనబడ్తది, కానీ దిగనీకి జాగ లేదు. గంత పెద్ద జంక్షన్‌కి గిదేంది? మా కాజీపేటల బండి ఆగకపోతే జనం ఊకుంటరా?

సిగ్నల్_కేబిన్ · ఆదివారం రాత్రి

కాజీపేట అన్నా, మీరు సరైన చోట వేలు పెట్టారు. ఈ ఊరి అసలు బాధ అదే.

1970లో మెయిన్ లైను ప్లాట్‌ఫారాలు మూసి, వాటి అంచులు కొట్టేశారు. ఆ తర్వాత కరెంటు తీగలు లాగారు, 1974 నుంచి ప్రెస్టన్ - గ్లాస్గో మధ్య కరెంటు బండ్లు. లండన్ బండ్లు ఇక్కడ ఆగాల్సిన పని లేదనుకున్నప్పుడు, ఆ వేగానికి పక్కన ప్లాట్‌ఫారం ఎందుకనుకున్నారు. మిగిలినవి బారో వైపు, లీడ్స్ వైపు వెళ్లే వంపులోని ప్లాట్‌ఫారాలు. సినిమాలో ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయే ప్లాట్‌ఫారం పక్కన ఇప్పుడు కంచె. ఈ లైను వేసినప్పుడే పుట్టిన స్టేషన్, ఇవాళ ఆ లైను మీదే లేదు. లండన్ వెళ్లాలంటే కార్న్‌ఫోర్త్ మనిషి ముందు లాంకాస్టర్‌కి పోయి బండి మారాలి. ఆ ప్లాట్‌ఫారాలు మళ్లీ కట్టమని ఊరివాళ్లు అడుగుతూనే ఉన్నారు.

లీడ్స్ లైను మిగలడం కూడా ఒక చిత్రమే. 1966లో మోర్‌కాంబ్‌కి నేరుగా వెళ్లే పాత దారి మూసేశారు. దాంతో లీడ్స్ నుంచి వచ్చే బండ్లని కార్న్‌ఫోర్త్ మీదుగా తిప్పారు. ఒక దారి పోయి ఇంకో దారిని బతికించింది.

తెనాలి_టు_టైన్ · ఆదివారం రాత్రి

చూశారా, నేను చెప్పింది ఇదే. ప్లాట్‌ఫారాలు పోయాక స్టేషన్ భవనం పాడుబడింది. కప్పులు కారాయి, కిటికీలకి చెక్కలు కొట్టారు. అప్పుడు ఊరివాళ్లు ట్రస్టు పెట్టి, డబ్బు పోగేసి బాగుచేశారు, 2003లో తెరిచారు. వాళ్లకి విరాళాలొచ్చింది దేని పేరు చెప్తే? సినిమా పేరు చెప్తేనే. పాత స్టేషన్లు దేశంలో వందలు కూలిపోయాయి, ఎవరూ ఏడవలేదు.

ఇంకో సంగతి. సినిమాలో వాళ్లిద్దరూ టీ తాగే గది ఉందే, అది ఇక్కడ తీయనే లేదు, స్టూడియోలో వేసిన సెట్టు. ఇప్పుడు స్టేషన్‌లో ఉన్న టీ గదిని ఆ సెట్టుని చూసి తీర్చిదిద్దారు. పాత పద్ధతి కౌంటరు, చెక్కపని, టీ కాచే పెద్ద పాత్ర. దాన్ని నకలు అని నేను అనను. అక్కడ రోజూ జనం నిజంగా బండి కోసం ఎదురుచూస్తూ టీ తాగుతున్నారు.

బిట్రగుంట_మనవడు · సోమవారం ఉదయం

సరే తెనాలి గారూ, స్టేషన్‌ని సినిమా కాపాడింది, షెడ్డుని డాక్టరు గారు కాపాడారు. కానీ రెంటిలోనూ పలుగూ పారా పట్టుకుని ఆదివారాలు పనిచేసింది ఊళ్లో మామూలు మనుషులు. రిటైరైన డ్రైవర్లు, టీచర్లు, బళ్లో చదివే పిల్లలు. ఆ పని గురించి ఎవరూ సినిమా తీయలేదు.

ప్రెస్టన్_పప్పుచారు · సోమవారం ఉదయం

నాయనా, ఇద్దరూ ఒకే మాట చెప్తున్నారు. మన పాత రోజుల్లో ఇంజన్ల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. 1853లో బోరీబందర్ నుంచి ఠాణాకి మొదటి బండి నడిచిందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా. ఆ బండి నడిపిన కంపెనీకి మొదటి ఇంజన్లు తయారైంది ఈ దగ్గర్లోనే, న్యూటన్-లె-విల్లోస్‌లో, వల్కన్ ఫౌండ్రీలో. అప్పట్లో అదీ లాంకషైరే. అంటే రేపల్లె తల్లి నాన్నగారి వృత్తికి పుట్టిల్లు ఇక్కడికి బండిలో గంట దూరం. ఈ మాట ఆయనతో చెప్పమ్మా.

లీడ్స్_లావణ్యవాళ్ళమ్మ · సోమవారం మధ్యాహ్నం

నేను మా పిల్లల్ని చూడ్డానికి వచ్చి ఆర్నెల్లుంటాను. పోయిన వేసవిలో మా అల్లుడు అటు తీసుకెళ్లాడు. మీరంతా ఇంజన్లే చెప్తున్నారు, వాళ్లమ్మ కూడా వస్తోందని మర్చిపోయారు. ఆవిడ కోసం రాస్తున్నాను.

కార్న్‌ఫోర్త్‌లో టీ అయ్యాక బారో వైపు బండెక్కండి. తర్వాతి స్టేషన్ సిల్వర్‌డేల్. అక్కడే లేటన్ మాస్ అని పక్షుల చోటు, కనుచూపు మేరా రెల్లు. బిట్టర్న్ అని కొంగజాతి పక్షి ఉంటుంది, కనబడదు, వసంతంలో దూరం నుంచి ఖాళీ కుండ మూతిలో ఊదినట్టు కూత మాత్రం వినబడుతుంది. ఆ తర్వాతి స్టేషన్ ఆర్న్‌సైడ్. అక్కడ నది ముఖం మీద యాభై స్తంభాల రైలు వంతెన, 1857 నాటిది. సముద్రం పోటు వచ్చే ముందు ఊళ్లో సైరన్ మోగిస్తారు. వంతెన మీద బండి పోతుంటే కిందనే నీళ్లు పరుగెత్తుకొస్తాయి.

మీ అమ్మగారిని ఇసుకలోకి మాత్రం దిగనివ్వొద్దు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, లోపల ఊబి.

సిగ్నల్_కేబిన్ · సోమవారం మధ్యాహ్నం

అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. రైలు రాకముందు లాంకాస్టర్ నుంచి అవతలి ఒడ్డుకి గుర్రబ్బండ్లు ఆ ఇసుక మీదుగానే పోయేవి, పాటు సమయం, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ, చూసుకుని. దారి చూపడానికి రాజు తరఫున ఒక మనిషి ఉండేవాడు. ఆ పదవి ఇప్పటికీ ఉంది. సెడ్రిక్ రాబిన్‌సన్ గారు 1963 నుంచి 2019 దాకా చేశారు. అంచనా తప్పి పోటుకి చిక్కిన బండ్లెన్నో. 1857 లైను ఆ భయం తీర్చింది.

2004 ఫిబ్రవరి 5 రాత్రి ఇదే మోర్‌కాంబ్ అఖాతంలో గుల్లలు ఏరుకోవడానికి దిగిన చైనా కూలీలు ఇరవై మందికి పైగా పోటుకి బలయ్యారు. పాటు వేళలు చెప్పేవాడు లేడు, భాష రాదు. కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీలకు లైసెన్సు ఉండాలని ఆ తర్వాతే చట్టం తెచ్చారు. బండిలో ఆ ఇసుక పక్కనుంచి పోయేటప్పుడల్లా నాకు వాళ్లు గుర్తొస్తారు.

రేపల్లె_పాసింజర్ · సోమవారం రాత్రి

ఇంత రాస్తారనుకోలేదు. అందరికీ చేతులెత్తి నమస్కారం. నాన్నకి మొత్తం చదివి వినిపించాను. షెడ్డు దగ్గరికి రాగానే "ఆగు, బొగ్గు ఎలా ఎత్తేవాళ్లన్నావ్?" అని మళ్లీ చదివించుకున్నారు. వచ్చాక తీసుకెళ్లి ఇక్కడే రాస్తాను.

రేపల్లె_పాసింజర్ · ఆరు వారాల తర్వాత

నిన్న వెళ్లొచ్చాం.

వాలుదారి వల్ల నాన్న ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగారు, ఎక్కారు. గడియారం కింద నిలబడి ముందు తన చేతి వాచీ చూసుకున్నారు, తర్వాత దాన్ని చూశారు, తర్వాత నా ఫోన్లో టైం అడిగారు. మూడూ కలిశాక గానీ ఫొటోకి నిలబడలేదు. అమ్మకి టీ గది నచ్చింది. పాలు విడిగా ఇచ్చినందుకు కాస్త చిన్నబుచ్చుకుంది గానీ కేకు రెండు ముక్కలు తింది. స్టేషన్‌లోని ప్రదర్శన గదుల్లో కూర్చున్న పెద్దాయన ఒకరు నాన్న గార్డు అని తెలియగానే లేచి చెయ్యి కలిపారు. ఇద్దరికీ భాష కుదరలేదు. నాన్న ఈల ఊదినట్టు, జెండా ఊపినట్టు చూపించారు, ఆయన తన జేబులోంచి ఈల తీసి చూపించారు. నేను మధ్యలో మాట్లాడ్డం మానేశాను.

తర్వాత కంచె దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. నాన్న పట్టాలకేసి చూసి, "ఇంత లైనుంది, ప్లాట్‌ఫారం ఏది?" అన్నారు. 1970 సంగతి చెప్పాను. ఏమీ అనలేదు. కాసేపటికి దక్షిణం వైపు నుంచి పట్టాల సన్నటి కూత మొదలైంది. నాకంటే ముందు ఆయనకే తెలిసింది. లేచి నిలబడ్డారు. నేను పడతారేమోనని చెయ్యి పట్టుకోబోతే, "ఉండు" అని అడుగు ముందుకేశారు.

బండి వచ్చింది, గాలి కొట్టింది, అమ్మ చెంగు ఎగిరింది. నాన్న కిటికీలు చూడలేదు. చక్రాలు చూశారు. ఇంజను నుంచి చివరి పెట్టె దాకా, తల కదపకుండా, కళ్లతో ఒక్కో పెట్టే లెక్కపెట్టినట్టు. మన దగ్గర దాటిపోయే ప్రతి బండినీ స్టేషన్ వాళ్లు అలా చూడాలట: ఎక్కడైనా వేడెక్కిందా, ఏదైనా వేలాడుతోందా, చివరి పెట్టె వచ్చిందా అని. చివరి పెట్టె వెనక ఎర్ర దీపాలు కనబడగానే ఆయన కుడి చెయ్యి దానంతటదే పైకి లేచింది. చేతిలో జెండా లేదు. బండి మలుపు తిరిగే దాకా దించలేదు.

"పూర్తిగా పోయింది" అన్నారు, కూర్చుంటూ.

సిగ్నల్ గారూ, షెడ్డులోంచి ఆవిరి ఇంజను బయటికొచ్చే రోజు ముందుగా ఎక్కడ తెలుస్తుందో చెప్తారా? వాళ్ల తిరుగు టికెట్టు వచ్చే నెల 19న. ఈలోపు ఇంకోసారి తీసుకెళ్లమంటున్నారు.

సిగ్నల్_కేబిన్ · అదే రోజు

నేను కనుక్కుని రేపు రాస్తానమ్మా. వీలైతే ఆ రోజు నేనూ వస్తాను. ఇంట్లో మా మేనమామ ఆకుపచ్చ జెండా ఒకటుంది, తీసుకొస్తాను.